సిటీ పనులకి ఆన్-కాల్ జియోటెక్ సర్వీస్ ఇచ్చేవాళ్ళు ఎలా మేనేజ్ చేస్తున్నారు?

కొత్త_బోర్‌లాగ్:

అందరికీ నమస్కారం. మాది చిన్న జియోటెక్ (కట్టే చోట నేలని పరీక్షించి చెప్పే) కన్సల్టెన్సీ. ఇన్నాళ్ళూ ఎక్కువగా బిల్డింగులకి సాయిల్ రిపోర్టులే చేశాం, ఒక సైటు, రెండు మూడు బోర్లు (మట్టి చూడ్డానికి వేసే రంధ్రాలు), రిపోర్టు ఇస్తే అయిపోయేది. ఇప్పుడు సిటీ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌తో ఆన్-కాల్ అగ్రిమెంట్ కుదిరింది. ఫలానా పని అని ముందే ఉండదు, రేట్ షెడ్యూల్ ఒకటి ఫిక్స్ చేసి పెట్టుకుంటారు, కాంట్రాక్టు కాలంలో ఏ ఇంప్రూవ్‌మెంట్ పని వస్తే దానికి పిలుస్తారు, ఒక్కో పనికి విడిగా టాస్క్ ఆర్డర్ ఇస్తారు.

సంతకాలు అయిన దగ్గర్నించి ఫోన్లే ఫోన్లు. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, కొత్త వాననీటి డ్రెయిన్ వేస్తున్నాం, మట్టిని ఆపే పాత రిటైనింగ్ వాల్ వాలింది వచ్చి చూడండి, ఫుట్ బ్రిడ్జికి పునాది కావాలి, పంప్ హౌస్‌కి గొయ్యి తవ్వాలి... ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండట్లేదు.

నేను ఇబ్బంది పడుతున్నది ఎక్కడంటే, ముందు ఈ ఫోన్లు. "అక్కడ ఎస్‌బీసీ సుమారుగా ఎంత వేసుకోవచ్చండీ" (సేఫ్ బేరింగ్ కెపాసిటీ, అంటే నేల భద్రంగా మోయగల బరువు) అని ఫోన్లోనే అడిగేస్తున్నారు, చూడకుండా చెప్పలేమంటే ఆన్-కాల్ అన్నారుగా మరి అంటున్నారు. తర్వాత ప్రపోజల్. ఎన్ని బోర్లు, ఎంత లోతు అని ఎలా తేల్చాలి, అప్పటికి డ్రాయింగులు కూడా చేతికి రావు. ఇంక టైము సంగతి, వాళ్ళు వారంలో రిపోర్టు కావాలంటారు, మా ల్యాబ్‌లో ఒక్క కన్సాలిడేషన్ టెస్టే (బరువు కింద మట్టి ఎంత కూర్చుంటుందో చూసేది) వారం దాటుతుంది. ఇలాంటి కాంట్రాక్టులు చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పగలరు, పని బాగా చేయాలని ఉంది, మొదట్లోనే పద్ధతి సరిగ్గా పడాలని అడుగుతున్నా.

మట్టిపరీక్ష:

బ్రదర్, ముందు ఫోన్ సంగతి చెప్తా, అది తేలితే మిగతావి సగం తేలినట్టే. ఆన్-కాల్ కింద మీరు ఒప్పుకున్నది పిలిస్తే త్వరగా వెళ్తామని. నేలని చూడకుండా నంబర్ ఇస్తామని ఎక్కడా ఒప్పుకోలేదు, అగ్రిమెంట్ ఇంకోసారి చదవండి. ఫోన్లో చెప్పిన నంబర్ వాళ్ళ ఫైల్లోకి ఎక్కుతుంది, అక్కణ్ణుంచి డిజైనర్ మెయిల్లోకి పోతుంది, అక్కడికి చేరేసరికి "సుమారుగా" అన్న ముక్క ఊడిపోతుంది, నంబర్ ఒక్కటే మిగులుతుంది. అందుకని మేము పెట్టుకున్న రూల్ ఏంటంటే, ఫోన్ వస్తే ఆ రోజో మర్నాడో మనిషి సైట్‌కి వెళ్తాడు, సాయంత్రానికి ఒక పేజీ మెమో వెళ్తుంది. ఏం చూశాం, ఈ నేలలో ఏం భయం ఉంది, ఏ టెస్టులు కావాలి, ఎప్పటికి ఏం ఇస్తాం, అంతే. అందులో ఎస్‌బీసీ ఉండదు. విచిత్రం ఏంటంటే ఈ మెమోలు నాలుగు వెళ్ళాక ఫోన్లో నంబర్ అడగడం వాళ్ళే మానేస్తారు, ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది నిజానికి ఒక దారి, ఎవరో ఒకరు వచ్చి చూశారన్న ధైర్యం.

మీరు వాలిన రిటైనింగ్ వాల్ అన్నారు కదా, దాన్నే తీసుకోండి. బోర్ రిగ్ (బోర్ వేసే యంత్రం) పిలవకముందే గోడ ముందు నిలబడి వీప్ హోల్స్ (వెనక నీళ్ళు బయటికి పోడానికి గోడలో వదిలే రంధ్రాలు) చూడండి. వర్షాలు పడుతున్న రోజుల్లో కూడా అవి పొడిగా ఉండి, లోపల దుమ్ము పేరుకుపోయి, అడుగున గోడకీ నేలకీ మధ్య జాయింట్ దగ్గర మాత్రం చెమ్మ ఊరుతుంటే వెనక నీళ్ళు నిలిచాయని అర్థం. తర్వాత పైకెక్కి గోడకి సమాంతరంగా నేలలో పగులు ఉందా చూడండి, వెనక రోడ్డు ఈమధ్య ఏమైనా ఎత్తు పెంచారా, కొత్తగా పైపు ఏదైనా వేశారా అడగండి. 3 మీటర్ల గోడ, వెనక మామూలు ఇసుక మట్టి, ఫై (మట్టి రేణువుల మధ్య రాపిడిని చెప్పే కోణం) 30 డిగ్రీలు అనుకోండి, పొడిగా ఉన్నప్పుడు గోడ మీద తోపు మీటరు పొడవుకి సుమారు 27 కిలోన్యూటన్లు వస్తుంది. వెనక పై దాకా నీళ్ళు నిండితే అదే గోడ మీద దాదాపు 58. అంటే రెట్టింపు కంటే ఎక్కువ, అందులో 44 ఒక్క నీళ్ళదే. కాబట్టి మెమోలో మొదటి వాక్యం "వీప్ హోల్స్ శుభ్రం చేయించండి, పైన నీళ్ళు వెనక్కి దిగకుండా మళ్ళించండి, గోడ పైన బళ్ళు నిలపనివ్వకండి" అని ఉంటే, బోర్లు వేసేలోపు గోడకి నిజంగా మేలు జరుగుతుంది. ఒక్క నంబరూ ఇవ్వకుండానే ఇంత సాయం చేయొచ్చు.

బోర్ల లోతు గురించి. ఏం కడుతున్నారో దాని అడుగు ఎక్కడుందో తెలీకుండా లోతు రాయొద్దు. విడి ఫుటింగ్ అయితే దాని వెడల్పుకి కనీసం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, పునాది మట్టం కింద. డ్రెయిన్ అయితే ఇన్వర్ట్ లెవెల్ (డ్రెయిన్ లోపలి అడుగు మట్టం) అడిగి తెలుసుకుని దాని కింద ఇంకో రెండు మూడు మీటర్లు, ఎందుకంటే ట్రెంచ్ అడుగు నిలుస్తుందా లేదా అన్నది కింద ఉన్న పొరే చెప్తుంది. రోడ్డుకి పెద్ద బోర్లు అక్కర్లేదు, టెస్ట్ పిట్లు, డీసీపీ (కోన్ నేలలోకి కొట్టి గట్టిదనం చూసే టెస్టు), సీబీఆర్ (రోడ్డు కింద మట్టి బలం చూసే టెస్టు) శాంపిల్స్ చాలు, రోడ్డు ఎత్తైన కట్ట మీద పోతే తప్ప. పొడుగ్గా పోయే పనుల్లో బోర్లని సమాన దూరంలో పెట్టేసి ఊరుకోకండి. పాత మ్యాపుల్లో వాగు దాటిన చోట, చెరువు పూడ్చిన చోట తప్పకుండా ఒకటి పెట్టండి, కొంపలు మునిగేది అక్కడే. ప్రపోజల్లో ఇంత లోతు అని రాస్తూనే, మెత్తటి పొరలోనో వదులు పూడిక మట్టిలోనో బోర్ ఆగాల్సొస్తే అదనపు మీటర్లకి షెడ్యూల్ రేటు ప్రకారం ఇంత వరకు అని ఒక ఐటం ముందే పెట్టించుకోండి. టాస్క్ ఆర్డర్‌కి గరిష్ట మొత్తం కట్టేసి ఉంటుంది కాబట్టి ఇది లేకపోతే సరిగ్గా మెత్తటి పొర తగిలినప్పుడే డబ్బులైపోయి రిగ్ ఎత్తేయాల్సొస్తుంది.

టైము విషయానికొస్తే రిపోర్టుని రెండు ముక్కలు చేయండి. సోక్డ్ సీబీఆర్‌కి నానబెట్టడమే 96 గంటలు. కన్సాలిడేషన్‌లో ఒక్కో లోడు 24 గంటలు ఉంచాలి, లోడులు ఆరేడు ఉంటాయి, అన్‌లోడింగ్ వేరే. వీటిని ఎవరూ తొందర పెట్టలేరు, ఆ మాట ప్రపోజల్లోనే రాసి పెట్టండి. కానీ బోర్‌లాగులు, ఎన్ విలువలు (సుత్తి దెబ్బలతో కొలిచే నేల గట్టిదనం), నీటి మట్టం మాత్రం రిగ్ దిగిన రెండు మూడు రోజుల్లో ఫీల్డ్ మెమోగా ఇచ్చేయొచ్చు, డిజైనర్ పని మొదలుపెట్టుకోడానికి అది చాలు.

అవతలి_టేబుల్:

నేను సిటీ వైపు పనిచేసేవాణ్ణండీ, ఇలాంటి ఆన్-కాల్ కన్సల్టెంట్లతో చాలాకాలంగా పని చేయిస్తున్నా. మా వైపు నుంచి కొన్ని చెప్తా.

మీకు ఫోన్ ఆలస్యంగా రావడానికి కారణం నిర్లక్ష్యం కాదండీ. పనికి డబ్బు మంజూరయ్యేదాకా మట్టి పరీక్షకి ఖర్చు పెట్టే హెడ్ ఉండదు, మంజూరయ్యాక డిజైన్‌కి గడువు మొదలైపోతుంది, ఆ మధ్యలో మీరు ఇరుక్కుంటారు. దీనికి నేను చూసిన మంచి ఉపాయం ఏంటంటే ఏడాది మొదట్లోనే ఆ ఏడు రాబోయే పనుల లిస్టు అడిగి తీసుకోవడం. అడిగితే ఇస్తాం, దాచుకునేదేం లేదు. అందులో ఏ పనికి మట్టి కీలకమో మీరే మార్క్ చేసి, దీనికి ముందే రెండు బోర్లు వేసుకుంటే మంచిది అని ఒక లెటర్ రాస్తే అది మాకు లోపల డబ్బు అడగడానికి ఆధారం అవుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. చాలామంది కన్సల్టెంట్లు రిపోర్టు ఇవ్వడంతో పని అయిపోయింది అనుకుంటారు. ఆన్-కాల్ స్కోపులో మామూలుగా డ్రాయింగ్ రివ్యూ, కట్టేటప్పుడు ఫీల్డ్ అబ్జర్వేషన్ కూడా ఉంటాయి, వాటిని టాస్క్ ఆర్డర్లో తప్పకుండా అడిగి పెట్టించుకోండి. ఎందుకంటే రిపోర్టులో "అడుగున మెత్తటి బంకమట్టి తీసేసి గ్రావెల్ వేయాలి" అని మీరు రాస్తారు, అది పదిహేడో పేజీలో ఉంటుంది, డ్రాయింగ్ గీసేవాళ్ళు టేబుల్లో నంబర్ తీసుకుని మిగతాది వదిలేస్తారు, కాంట్రాక్టర్ చేతికి వెళ్ళేది డ్రాయింగే కదా. టెండర్‌కి పోకముందు మీరు ఒక పూట కూర్చుని డ్రాయింగులు చూస్తే ఇదంతా పట్టుకోవచ్చు. మా వైపు నుంచి చెప్తున్నా, రివ్యూ చేసి "మీ రికమెండేషన్లు షీట్లలో ఉన్నాయి" అనో "లేవు" అనో లెటర్ ఇచ్చిన కన్సల్టెంట్‌ని మేము వదులుకోం.

ఫీల్డ్‌కి వస్తే, మాకు జనం దగ్గర్నుంచి వచ్చే కంప్లయింట్లలో పెద్ద భాగం ట్రెంచ్ బ్యాక్‌ఫిల్లే. పైపు వేసి మట్టి పూడ్చి రోడ్డు వేస్తారు, మొదటి వర్షాకాలం దాటేసరికి ట్రెంచ్ ఎక్కడుందో రోడ్డు మీద గీత గీసినట్టు కనపడుతుంది, బండి చక్రం పడితే ఒళ్ళు హూనం. దీన్ని ఆపేది ఒక్కటే, పొరలుపొరలుగా దిమ్మిస చేయించి పొర పొరకీ డెన్సిటీ చూడటం. వదులుగా పరిచినప్పుడు 20 నుంచి 30 సెంటీమీటర్లు మించకుండా, ప్రాక్టర్ టెస్ట్ (ల్యాబ్‌లో మట్టిని దిమ్మిస చేసి ఎంత గట్టిగా కుదురుతుందో చూసేది) గరిష్ట డెన్సిటీలో 95 శాతమో స్పెసిఫికేషన్‌లో ఎంతుంటే అంతో వచ్చాకే పై పొర. ఈ ప్రాక్టర్ పద్ధతి 1933 నాటిది, తొంభై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ మన పని దీనిమీదే నడుస్తోంది. మీ మనిషి సాయంత్రం వచ్చి పై పొరలో ఒక్క శాండ్ రీప్లేస్‌మెంట్ టెస్టు (సైట్‌లో మట్టి డెన్సిటీ కొలిచేది) చేసి పాస్ రాసేసి వెళ్తే మాత్రం దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు, కింద రెండు మీటర్లు ఎవరూ చూడలేదు. దయచేసి టెస్టుల సంఖ్యని టాస్క్ ఆర్డర్లో పొరకి ఇన్ని అని రాయండి, రోజుకి ఇన్ని అని కాదు.

ఫీజు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఒక ముక్క. తక్కువ రేటుకే కట్టబెట్టే పద్ధతిలో మట్టి పరీక్ష పాడవుతుందని ఎప్పుడో గుర్తించారు. అమెరికాలో ఫెడరల్ పనులకి 1972లో వచ్చిన బ్రూక్స్ చట్టం ప్రకారం ముందు అర్హత చూసి ఇంజినీర్లని ఎంచుకోవాలి, ఫీజు బేరం ఆ తర్వాతే. ఎక్కడైనా సిటీవాళ్ళకి ఈ పద్ధతి గురించి చెప్పండి, వినేవాళ్ళు ఉంటారు.

రిగ్_పక్కన:

పైన ఇద్దరూ ఆఫీసు వైపు చెప్పారు, నేను లాగ్ రాసేవాణ్ణి, రిగ్ పక్కనే ఉంటా, నా వైపు నుంచి కొంచెం.

సిటీలో బోర్ వేయడం ఖాళీ స్థలంలో వేసినట్టు కాదు అన్నా. కింద కరెంటు కేబుళ్ళు, నీళ్ళ పైపులు, గ్యాసు, ఫైబర్, మురుగు లైన్లు ఉంటాయి, డ్రాయింగులో ఒక చోట చూపిస్తే ఉండేది మీటరు పక్కన. యుటిలిటీ వాళ్ళందర్నీ పిలిపించి మార్కింగ్ చేయించాక కూడా మేము మొదటి మీటరున్నర చేత్తోనే తవ్వుతాం, పారతో నెమ్మదిగా, గునపం వాడం. టైం పడుతుంది అని డ్రిల్లర్ గొణుగుతాడు, పడనీ. ట్రాఫిక్ పర్మిషన్, రోడ్ కటింగ్ పర్మిషన్ రిగ్ బుక్ చేయకముందే చేతిలో ఉండాలి, లేకపోతే రిగ్ వచ్చి రోడ్డు పక్కన నిలబడి ఉత్త పుణ్యానికి అద్దె తింటుంది.

ఎస్‌పీటీలో (బోర్‌లో సుత్తితో కొట్టి నేల గట్టిదనం చూసే టెస్టు) 63.5 కేజీల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి స్వేచ్ఛగా పడాలి అని అందరికీ తెలుసు, శాంపిల్ గొట్టాన్ని 15 సెం.మీ. చొప్పున మూడుసార్లు దింపి చివరి రెండింటి దెబ్బలు కలిపితే ఎన్. కానీ తాడు, క్యాట్‌హెడ్ (తాడు చుట్టే తిరిగే డ్రమ్ము) మీద పనిచేసే రిగ్గుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి మనిషి అలసిపోయి సుత్తి 60కే వదిలేస్తుంటాడు, ఆ ఎన్ విలువ ఎక్కువ చూపిస్తుంది, అంటే నేల ఉన్నదానికంటే గట్టిదని మన లాగ్ చెప్తుంది. రాడ్ మీద చాక్‌పీసుతో 75కి గీత గీసి పెట్టి నేను దాన్నే చూస్తుంటా, దెబ్బలు లెక్కపెట్టేది ఇంకో మనిషి. నీటి మట్టం కింద సన్న ఇసుకలో బోర్‌లో నీళ్ళ లెవెల్ బయటి నీటి మట్టం కంటే తగ్గనివ్వకూడదు, తగ్గితే కిందనుంచి ఇసుక ఉబికి పైకొస్తుంది, ఎన్ 4, 5 వస్తుంది, నిజానికి ఆ ఇసుక అంత వదులుగా ఉండదు. లాగ్‌లో ఇలాంటివి జరిగితే దాచకుండా రాయాలి, రిపోర్టు రాసే ఇంజినీర్‌కి ఆ ఒక్క వాక్యం ఎంత అవసరమో.

నీటి మట్టం కూడా బోర్ పూర్తయిన వెంటనే టేపు వేసి రాసేస్తే సరిపోదు. ఇసుకలో అయితే త్వరగా సర్దుకుంటుంది, బంకమట్టిలో రోజులు పడుతుంది. కనీసం 24 గంటల తర్వాత ఇంకోసారి చూడండి, డ్రెయినూ పంప్ హౌసూ లాంటి వాటికి ఒక బోర్‌లో స్టాండ్‌పైప్ (నీటి మట్టం చూసే గొట్టం) పెట్టేసి వస్తే వర్షాకాలంలో మళ్ళీ వెళ్ళి చదవొచ్చు. పని అయిపోయాక మిగతా బోర్లని గ్రౌట్‌తో (పలచటి సిమెంటు ముద్దతో) నింపి రావాలి, వదులు మట్టి తోసేసి రాకూడదు, రోడ్డు మధ్యలో అది చిన్న గొయ్యిగా మొదలై పెద్దదవుతుంది.

కొత్త_బోర్‌లాగ్:

ఇంత వివరంగా ఎవరు చెప్తారు సార్, చాలా థాంక్స్ అందరికీ. డ్రాయింగ్ రివ్యూ సంగతి మా అగ్రిమెంట్లో ఉంది కానీ మేము పట్టించుకోలేదు, ఇప్పుడే నోట్ చేసుకున్నా. ఇంకొక్కటి అడుగుతా. పంప్ హౌస్ అన్నాను కదా, గొయ్యి దాదాపు 6 మీటర్లు, నీటి మట్టం మూడు మీటర్లకే ఉంది, పక్కనే పాత ఇళ్ళు, లోడ్ బేరింగ్ గోడలవి, పునాదులు ఎంత లోతో ఎవరికీ తెలీదు. కాంట్రాక్టర్ పంపులు పెట్టి నీళ్ళు తోడేసి తవ్వేస్తా అంటున్నాడు. మమ్మల్ని అడిగింది కేవలం బేరింగ్ కెపాసిటీ. నేను ఇందులో ఎంత వరకు మాట్లాడాలి?

లోతు_తవ్వకం:

మాట్లాడాలి, గట్టిగానే, రాతపూర్వకంగా మాట్లాడాలి. ఈ పనిలో అన్నిటికంటే తేలికైన ప్రశ్న బేరింగ్ కెపాసిటీయే, ఎందుకంటే 6 మీటర్ల మట్టి తీసేసి అక్కడ ఖాళీ ట్యాంకు లాంటిది పెడుతున్నారు, బరువు తగ్గుతోంది. అసలు ప్రమాదం నీళ్ళు, పక్కన ఇళ్ళు.

నీటి మట్టం ఒక మీటరు దించితే కింద మట్టి మీద ఎఫెక్టివ్ స్ట్రెస్ (మట్టి రేణువులు మోసే ఒత్తిడి) సుమారు 10 కిలోపాస్కల్స్ పెరుగుతుంది. మూడు మీటర్లు దించితే 30. ఇంటికి ఒక్కో అంతస్తు సుమారు 10 అని మనం లెక్క వేస్తాం కదా, అంటే పంపులు ఆన్ చేసిన రోజు ఆ పాత ఇళ్ళ మీద ఎవరికీ కనపడకుండా ఇంకో మూడంతస్తులు ఎక్కించినట్టు. కింద గట్టి ఇసుక అయితే పెద్దగా ఏమీ కాదు, మెత్తటి బంకమట్టి ఉంటే మాత్రం కూర్చుంటుంది, అదీ అంతా సమానంగా కూర్చోదు, గొయ్యి వైపు ఎక్కువ, వెనక తక్కువ, గోడలు పగిలేది ఆ తేడాకే. పైగా గొయ్యిలో డైరెక్టుగా పంపు పెట్టి తోడితే నీళ్ళతో పాటు సన్న ఇసుక కూడా పోతుంది. తోడిన నీళ్ళు బురదగా వస్తున్నాయా తేటగా వస్తున్నాయా అని ఎవరో ఒకరు రోజూ బకెట్లో పట్టి చూడాలి, అడుగున ఇసుక పేరుకుంటే అది ఎవరి ఇంటి కింద నుంచో వస్తోంది.

ఇంకో లెక్క తప్పనిసరిగా వేయండి. గొయ్యి అడుగు కింద బంకమట్టి, దాని కింద ఇసుక ఉందా? ఉంటే ఆ ఇసుకలో నీటి ఒత్తిడి వేరేగా కొలవాలి, పై నీటి మట్టం చూసి వదిలేయకూడదు. ఉదాహరణకి అడుగు కింద 2 మీటర్ల బంకమట్టి మిగిలిందనుకోండి, దాని బరువు సుమారు 38 కిలోపాస్కల్స్. కింద ఇసుకలో నీళ్ళు ఆ బంకమట్టి అడుగు నుంచి 5 మీటర్ల ఎత్తు లేచే ఒత్తిడితో ఉంటే పైకి తోసేది 49. అడుగు పగిలి నీళ్ళూ ఇసుకా ఎగదన్నుతాయి, ఆ టైములో గొయ్యిలో మనుషులుంటారు. అందుకే మీ బోర్ గొయ్యి అడుగు దగ్గర ఆగకూడదు, ఎంత లోతుకి వెళ్ళాలో షోరింగ్ (గొయ్యి పక్కలు కూలకుండా ఆపే ఏర్పాటు) డిజైనర్‌తో మాట్లాడి తేల్చుకోండి, ఇసుక పొరలోకి ఒక పీజోమీటర్ (నేలలో నీటి ఒత్తిడి కొలిచేది) దించండి. కట్టిన తర్వాత తేలిపోకుండా ఉంటుందా అన్న లెక్క కూడా డిజైనర్ వేశాడా అడగండి, ఖాళీ పంప్ వెల్ నీటి మట్టం పెరిగితే పడవలా లేస్తుంది.

ఇవేమీ పుస్తకాల భయాలు కావు. సింగపూర్‌లో 2004 ఏప్రిల్ 20న నికోల్ హైవే పక్కన మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. సుమారు 30 మీటర్ల లోతు గొయ్యి అది, మెత్తటి సముద్రపు బంకమట్టి. మట్టి బలాన్ని లెక్కలో ఎక్కువగా తీసుకున్నారు, స్ట్రట్‌లు (గొయ్యికి అడ్డంగా పెట్టే దూలాలు) వేలర్ బీములకి (గోడ పొడవునా పెట్టే దూలాలకి) కలిసే చోట బలం చాల్లేదు, గోడ ఎక్కువ కదులుతోందని రీడింగులు ముందునుంచీ చెప్తూనే ఉన్నాయి. జర్మనీలో కొలోన్‌లో 2009 మార్చి 3న మెట్రో గొయ్యి పక్కన ఉన్న నగర ఆర్కైవ్ బిల్డింగ్ కూలింది, ఇద్దరు చనిపోయారు, భూమిలోపలి గోడ ప్యానెల్లో లోపం గుండా మట్టీ నీళ్ళూ గొయ్యిలోకి కొట్టుకొచ్చాయి. మీది 6 మీటర్లే, నిజమే, కానీ పక్క ఇంట్లో పడుకున్నవాళ్ళకి 6 చాలు.

కాబట్టి మీరు సిటీకి రాయాల్సింది ఇది: పని మొదలవకముందే పక్క ఇళ్ళ పగుళ్ళు ఫొటోలతో రికార్డు చేయించాలి, ఇంటివాళ్ళ ముందే. గోడల మీద క్రాక్ గేజులు, సెటిల్‌మెంట్ పాయింట్లు, బయట ఒక పీజోమీటర్. ఎంత కదిలితే జాగ్రత్త పడాలి, ఎంత కదిలితే పని ఆపాలి అన్న రెండు హద్దులు ముందే రాసుండాలి, ఆపే అధికారం ఎవరిదో ఫోన్ నంబర్‌తో సహా. జియోటెక్ ఇంజినీర్ రాల్ఫ్ పెక్ 1969 రాంకిన్ లెక్చర్‌లో (ఈ రంగంలో పేరున్న ఉపన్యాసం) అబ్జర్వేషనల్ మెథడ్ (కొలతలు చూస్తూ పనిని సర్దుకునే పద్ధతి) గురించి చెప్పినప్పుడు అసలు షరతు ఇదే, రీడింగ్ తేడాగా వస్తే ఏం చేస్తామో ముందే తయారుగా ఉండాలి. అది లేకుండా కొలతలు తీసి ఫైల్లో పెట్టుకుంటే దాన్ని మానిటరింగ్ అనలేం. మీ టాస్క్ ఆర్డర్లో ఇది లేదంటే టాస్క్ ఆర్డర్ సవరించమని అడగండి, ఒప్పుకోకపోతే మీ మెమో మాత్రం తేదీతో సహా వాళ్ళ దగ్గర ఉండాలి.

అవతలి_టేబుల్:

పైన చెప్పిన సవరణ అడగడానికి మొహమాటపడకండి. నేలకి సంబంధించిన ప్రమాదం అని రాతపూర్వకంగా వస్తే మా వైపు ఎవరూ దాన్ని పక్కన పెట్టే ధైర్యం చేయరు. నోటి మాటగా చెప్తే మాత్రం మీటింగ్ అయిపోగానే గాలికి పోతుంది.

మట్టిపరీక్ష:

ఇంకోటి చెప్పడం మర్చిపోకముందే చెప్తా, ఆన్-కాల్ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మొదటి టాస్క్ నుంచే బోర్లన్నీ ఒక్కచోట పెట్టండి. ఒకే సిటీ, ఏళ్ళ తరబడి, పదుల కొద్దీ పనులు, ప్రతి దాంట్లో బోర్లు. పీడీఎఫ్ రిపోర్టుల్లో పాతిపెడితే అవి చచ్చినట్టే, మళ్ళీ అదే వీధిలో కొత్త పని వస్తే మళ్ళీ మొదటినుంచి. అదే ప్రతి బోర్‌కీ కోఆర్డినేట్లు, నేల మట్టం, తేదీ, పొరలు, ఎన్, నీటి మట్టం ఒక షీట్‌లోనో జీఐఎస్‌లోనో (కంప్యూటర్ మ్యాపులోనో) పెడుతూ పోతే, కొన్నాళ్ళకి ఫోన్ రాగానే చుట్టుపక్కల పాత బోర్లు తీసి చూసుకుని సైట్‌కి వెళ్తారు. బోర్లు ఎక్కడ తగ్గించొచ్చో, ఎక్కడ ఇంకొకటి వేయాలో ధైర్యంగా చెప్పగలుగుతారు. బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్ళ దగ్గర పది లక్షలకి పైగా బోర్ రికార్డులున్నాయి, చాలావరకు ఆన్‌లైన్లో ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడ ఏజీఎస్ అని డేటా ఫార్మాట్ కూడా ఉంది, ల్యాబ్, డ్రిల్లర్, కన్సల్టెంట్ అందరూ ఒకే రకంగా ఫైల్ ఇస్తారు. మీరు అంత పెద్దది చేయక్కర్లేదు, కాలమ్ పేర్లు మాత్రం మొదటిరోజు ఫిక్స్ చేసి మార్చకుండా ఉంచండి. ఆ డేటా సిటీ వాళ్ళది కూడా, ఏడాదికోసారి వాళ్ళకి కాపీ ఇవ్వండి, మీ తర్వాత వేరే కన్సల్టెంట్ వచ్చినా జనానికి పనికొస్తుంది.

కొత్త_బోర్‌లాగ్:

ఈ రోజే షీట్ మొదలుపెడతా సార్. నేల మట్టం అన్నారు, మా దగ్గర పాత లాగుల్లో చాలావాటికి "రోడ్డు మట్టం నుంచి లోతు" అని మాత్రమే ఉంది. వాటిని ఎక్కించాలా వద్దా?

రిగ్_పక్కన:

ఎక్కించు అన్నా, కానీ మట్టం కాలమ్ ఖాళీగా వదిలి పక్కన "రోడ్డు నుంచి" అని రాయి, ఊహించి నింపకు. రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ తారు వేస్తూ పోతారు కదా, అప్పటి రోడ్డు మట్టం ఇప్పుడు ఉండదు. ఇకమీదటి బోర్లకి మాత్రం దగ్గర్లో ఉన్న సర్వే బెంచ్‌మార్క్ నుంచి లెవెల్ తెచ్చుకో, సిటీ సర్వే వాళ్ళని అడిగితే లిస్టు ఇస్తారు, డ్రెయిన్ డ్రాయింగులు ఏ డేటమ్ (మట్టాలు కొలిచే మొదలు బిందువు) మీద ఉంటే నీ బోర్లూ అదే డేటమ్ మీద ఉండాలి. రిగ్ దింపకముందే ఈ లెవెల్ తీసుకో, తర్వాత తీద్దాంలే అనుకుంటే బోర్ పూడ్చేసిన చోటు కూడా దొరకదు.